నాలుగు వేల నూట పన్నెండు గొడ్డలికప్పలు

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊటకుంటలో గొడ్డలికప్పల సంఖ్య ఒకే ఒక్క సాయంత్రం, గంటా నలభై అయిదు నిమిషాల వ్యవధిలో, పదకొండు నుంచి నాలుగు వేల నూట పన్నెండుకు పెరిగింది. ఇంత వేగంగా వృద్ధి చెందిన ప్రాణి మా చుట్టుపక్కల మరొకటి లేదు. ఈ ఘనవిజయం ఫలితంగానే ఇప్పుడు ఆ కుంట లేదు, కప్పలు లేవు, వాటి స్థానంలో మా కాలనీ ఉంది. ఆ కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిగా, ముప్పై ఆరో నంబరు ప్లాటు యజమానిగా, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు దస్తావేజులు చదివి రిటైరైన మనిషిగా, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా బాధ్యత. గిట్టనివాళ్ళు ఏవేవో అంటున్నారు. మీరు చదువుకున్నవాళ్ళు, అర్థం చేసుకుంటారు.

ముందు కప్ప సంగతి. బొటనవేలంత ఉంటుంది, మట్టి రంగు, వీపు మీద పసుపు చార. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు పూర్తిగా పలికేలోపు సత్తుపల్లి బస్సు వెళ్ళిపోతుంది కాబట్టి గొడ్డలికప్ప అనే అందాం. అది మిగతా కప్పల్లా బెకబెకమనదు. ఎండుకట్టె మీద గొడ్డలి వేసినట్టు టక్, టక్ అంటుంది. కాసేపు ఆగి ఎవరైనా బదులిస్తారేమోనని చూస్తుంది. మళ్ళీ టక్, టక్. ఈ చప్పుడు నమ్మి ఒక అటవీ శాఖ ఉద్యోగి కలప దొంగల కోసం మూడు వానాకాలాలు కుంట చుట్టూ మాటు వేశాడు. దొంగలు దొరకలేదు గానీ, గుర్తు తెలియని వ్యక్తుల మీద పంతొమ్మిది కేసులు రాశాడు. అవి ఇంకా నడుస్తున్నాయి.

కుంటకు అవతల ఎర్రబండగుంపు అని నలభై ఇళ్ళ ఊరుంది. అక్కడివాళ్ళు అడవిలో తునికాకు కోసేటప్పుడు, పుట్టగొడుగులు ఏరేటప్పుడు తలో దిక్కుకూ వెళతారు, పొదల్లో ఒకరికొకరు కనబడరు. కేకేస్తే మనుషులతోపాటు ఎలుగుబంటి కూడా వింటుంది. అందుకని నాలుకను అంగిలికి కొట్టి, అచ్చం గొడ్డలికప్పలాగే టక్, టక్ అంటారు. విన్న ప్రతివాళ్ళూ తిరిగి టక్, టక్ అనాలి. ఉన్నాను, బాగానే ఉన్నాను అని దాని అర్థం. పిలుపు విని ఎవరైనా బదులివ్వకపోతే ఆ మనిషి ప్రాణాల మీదికి వచ్చిందని లెక్క. ఎంత పనున్నా వదిలేసి అందరూ వెతకడానికి బయలుదేరతారు. ఇదంతా ఫోన్లు లేని రోజుల నాటి అలవాటు. ఇప్పుడు ఫోన్లున్నాయి, సిగ్నలే లేదు.

ఆ ఊరి దూలయ్యకు ఊటకుంట కింద రెండెకరాల వరిమడి ఉండేది. కుంట ప్రభుత్వానిది, నీళ్ళు మడివి. కుంట పోతే మడి పోతుంది, మడి పోతే దూలయ్య ఇంట్లో ఏడాది బియ్యం పోతాయి. అతనికి కప్పల మీద ప్రేమ ఉందో లేదో నేను చెప్పలేను. కుంటను పూడ్చకుండా ఆపుతున్నది ఆ కప్పలేనని మాత్రం అతనికి బాగా తెలుసు.

ఎలా ఆపుతున్నాయంటే, దానికొక ఉత్తర్వుంది. అరుదైన జాతి ప్రాణులు పది కన్నా తక్కువ ఉంటే అవి ఎలాగూ పోయేవే, కాపాడి లాభం లేదు. వంద కన్నా ఎక్కువ ఉంటే అవి కులాసాగా ఉన్నట్టే, కాపాడే అవసరం లేదు. పదికీ వందకూ మధ్య ఉంటే మాత్రం ఆ చోట ఒక్క తట్ట మట్టి కూడా పొయ్యకూడదు. ఈ ఉత్తర్వు రాసినవారు ఎవరో గానీ, ఎవరినీ నొప్పించకుండా రాశారు. ప్రసూన అనే పరిశోధకురాలు మూడేళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఊటకుంటలో పదకొండు గొడ్డలికప్పలున్నాయని తేల్చింది. అలా ఆ కుంట ఒకే ఒక్క కప్ప మిగులుతో నిలబడి ఉంది.

ఒకప్పుడు వందల్లో ఉండేవట. వాటిని మనం పట్టించుకోలేదనడం అన్యాయం. కొత్త రోడ్డు పడి కప్పలు టైర్ల కింద పడుతున్నాయని తెలిసిన వెంటనే, వాటి కోసం ముప్పై రెండు మెట్లతో ఒక వంతెన కట్టారు. ఒక్కో మెట్టూ అడుగు ఎత్తు. ‘కప్పలు వంతెన మీదుగానే దాటవలెను’ అని బోర్డు కూడా పెట్టారు. బొటనవేలంత ప్రాణికి అడుగు మెట్టు ఎక్కడం కష్టమేమో గానీ, ప్రయత్నం కూడా చెయ్యకపోవడం వాటి తప్పు. మిరప తోటల మందు వాన నీళ్ళతో కుంటలోకి దిగితే అవి నీళ్ళు మార్చుకోలేదు. గుట్టను గ్రావెల్ కోసం తవ్వితే ఇంకో గుట్ట చూసుకోలేదు. చొరవ లేని జాతి అని అప్పుడే చాలామందికి అనిపించింది.

ఇక కల్లూరు బసవపున్నయ్య గారు. తాతగారు కృష్ణా ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ పొగాకు వేశారు, నాన్నగారు మిరప వేశారు, ఈయన ప్లాట్లు వేస్తున్నారు. ఊటకుంట ఉన్న చోటు ఆయన మనసులో పడింది. కాగితాల మీద అది అప్పటికే ‘నిరుపయోగమైన పల్లం’గా మారి, అభివృద్ధి నిమిత్తం ఆయనకు అప్పగింత అయింది. ఆ కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. ఎంత వెతికినా కుంట అన్న మాట ఎక్కడా లేదు. చక్కటి దస్తూరీ. అడ్డం మిగిలిందల్లా పదకొండు కప్పలే.

రెండు కప్పల్ని ఎవరైనా తొక్కేస్తే లెక్క తొమ్మిదికి వచ్చేది. కానీ బసవపున్నయ్య గారు ధర్మాత్ములు, శనివారం ఉల్లిపాయ కూడా ముట్టరు. న్యాయంగా, చట్టప్రకారం, కప్పల జనాభా లెక్క మళ్ళీ తియ్యాలని అర్జీ పెట్టుకున్నారు. దాన్ని ఉభయచర సంక్షేమాధికారి జయప్రకాశ్ గారికి పంపారు. ఆయన అసలు కొలువు పట్టుపురుగుల్లో, కప్పలు అదనపు బాధ్యత. మొదటి రోజు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా, అంటే ఆఫీసు వేళల్లో, లెక్క తీశారు. ఒక్క కప్పా హాజరు కాలేదు. నోటీసు ఇచ్చి మరో అవకాశం ఇవ్వడం ధర్మమని భావించి, జూన్ రెండో వారంలో తొలి వాన పడ్డ రోజు సాయంత్రం అయిదున్నర నుంచి ఏడుంబావు దాకా సమయం ఖరారు చేశారు. ఏడున్నరకు ఆఖరి బస్సు.

పద్ధతి శాస్త్రీయమైనదే. కప్ప కూతను రికార్డు చేసి పెట్టెలో వినిపిస్తారు. నిజం కప్పలు బదులిస్తాయి. ఒక్కో బదులుకూ ఒక్కో గీత గీస్తారు. ఫోన్‌లో వినిపిస్తే చాలదని, వినాయక చవితి మండపాలకు కిరాయికిచ్చే సౌండ్ బాక్సులు రెండు బసవపున్నయ్య గారు ఉచితంగా పంపించారు. తూర్పు గట్టు మీద ఒక బృందం, పడమటి గట్టు మీద ఒక బృందం. ఇద్దరి దగ్గరా చెరొక బాక్సు.

ఆ వారమంతా దూలయ్య చెవులు రిక్కించుకుని కుంట గట్టునే తిరిగాడు. ఎన్నిసార్లు విన్నా తొమ్మిది కూతలే.

“తొమ్మిదే ఉన్నయే,” అన్నాడు భార్య చిన్నక్కతో. “పది లేకుంటే కుంట పూడుస్తరు.”

“అయితే ఏం జేస్తవ్? నువ్వు వొయ్యి గుడ్లు పెడ్తవా?”

“తుంగల కూసొని రెండు కూతలు నేను కూస్త. గంతే. పదకొండైతయి. ఎవలికి ఎరుక?”

“కూస్తె కూసినవ్ గనీ, మెల్లగ కూయి. గుంపోళ్ళంత పుట్టగొడుగులకు వోతున్నరు ఆ పూట. ఇంటరు.”

దూలయ్య మెల్లగానే కూశాడు. ఈ విషయం అతను తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు, నేను నమ్ముతాను. తుంగ దుబ్బుల మధ్య నడుం లోతు నీళ్ళలో కూచుని, టక్, టక్ అన్నాడు. తూర్పు గట్టు మీద రెండు గీతలు పడ్డాయి. అంతటితో ఆగితే కుంట ఈ రోజుకీ ఉండేది. కానీ అడవి అంచున పుట్టగొడుగులు ఏరుతున్న దూలయ్య బావమరిదికి ఆ కూత వినబడింది. విన్నాక బదులివ్వాలి కాబట్టి ఇచ్చాడు. అతనిది విన్న పక్క పొదలోని ముసలమ్మ ఇచ్చింది. ఆవిడది విన్న మరో ముగ్గురు ఇచ్చారు. అదే సమయంలో తూర్పు గట్టు బాక్సు మోగింది. పడమటి గట్టు బృందం దాన్ని కప్ప అనుకుని గీత గీసి, తమ బాక్సు మోగించింది. దాన్ని తూర్పు బృందం కప్ప అనుకుని మరో గీత గీసింది. రెండు బాక్సులూ విన్న ఎర్రబండగుంపు, ఇవాళ ఎవరో గానీ బాగా గాబరాపడుతున్నారనుకుని, మర్యాదగా ప్రతిదానికీ బదులిచ్చింది.

ఆరున్నరకల్లా కాగితాలు అయిపోయాయి. జీపు డ్రైవరు వానకు ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో గీతలు గీశాడు. జయప్రకాశ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పట్టుపురుగుల్లో ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత స్పందన చూడలేదన్నారు. తుంగలో దూలయ్యకు నోరు పడిపోయింది. పిలుపులు వస్తూనే ఉన్నాయి, అతను మాత్రం భయంతో బదులివ్వడం మానేశాడు. దానితో అడవిలోని వాళ్ళకు నిజంగానే గాబరా పట్టుకుంది. పుట్టగొడుగుల బుట్టలు పక్కన పెట్టి, కర్రలు పట్టుకుని నలభై మంది పరుగెత్తుకుంటూ కుంటలోకి దిగారు. అందరికంటే ముందు చిన్నక్క.

“ఏడ సచ్చినవయ్యా! బదులియ్యవేంది?”

సరిగ్గా ఏడుంబావు. జయప్రకాశ్ గారు కాలహరణం చెయ్యకుండా, వచ్చిన నలభై మందితోనూ లెక్క సక్రమంగా జరిగినట్టు సాక్షి సంతకాలు పెట్టించుకుని బస్సెక్కారు.

నివేదిక నలభై పేజీలు. గొడ్డలికప్ప చెట్లెక్కగలదని, అడవిలో రెండు కిలోమీటర్ల లోపలి దాకా విస్తరించిందని, పాటలో కంటే బదులు పలకడంలో ఆసక్తి ఎక్కువని అందులో తొలిసారిగా వెల్లడైంది. కొన్ని కప్పలు మధ్యలో దగ్గాయని, ఇది వాతావరణ మార్పుల ప్రభావం కావచ్చని కూడా రాశారు. మొత్తం నాలుగు వేల నూట పన్నెండు. వంద దాటింది కాబట్టి కాపాడే అవసరం లేదు. అయినా ప్రజల అభిప్రాయం వినాలి కాబట్టి, మండల కేంద్రంలో ఒక షామియానా వేసి విన్నారు.

దూలయ్య మైకు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పయింది సారు. గా రెండు కూతలు నేను కూసిన. మిగతాయి మా గుంపోళ్ళు, మీ డబ్బాలు. కప్పలు తొమ్మిదో పదో. అంతకంటె లెవ్వు.”

“మనుషులే కూశారని రుజువేమిటి?” అన్నారు జయప్రకాశ్ గారు.

దూలయ్య అక్కడే నాలుక అంగిలికి కొట్టి టక్, టక్ అన్నాడు. షామియానా వెనకనుంచి నలభై మందీ బదులిచ్చారు. జయప్రకాశ్ గారు అలవాటు కొద్దీ ఒక గీత గీసి, మళ్ళీ కొట్టేశారు.

“చూడు దూలయ్యా, నీ మాట నేను నమ్ముతాను. కానీ రికార్డు నమ్మదు. ఒకసారి పుట్టినట్టు రాసిన కప్పను తియ్యాలంటే అది చచ్చిపోయి ఉండాలి. చచ్చిపోయినట్టు ధ్రువీకరణ పత్రం కావాలి. నాలుగు వేల నూట రెండు పత్రాలు తెచ్చుకో, ఒక్కోదానికి ఇద్దరు సాక్షులు. అంత్యక్రియల ఫోటో ఉంటే మరీ మంచిది.”

“పుట్టనే పుట్టంది ఎట్ల సస్తది సారు?”

“అదే నేనూ అంటున్నాను. చావలేదు కాబట్టి ఉన్నట్టే.”

ఇంత స్పష్టంగా విడమరిచి చెప్పే అధికారిని నేను సర్వీసులో ఇద్దరినే చూశాను. ప్రసూన లేచి, పదకొండు కప్పలు ఒక్క వానకు నాలుగు వేలు కావడం ప్రకృతిలో జరగదని ఏదో చెప్పబోయింది. ఆ అమ్మాయి మూడేళ్ళ కృషి వల్లే ఇంత వృద్ధి సాధ్యమైందని ప్రకటించి, అక్కడికక్కడే సన్మానం ఏర్పాటు చేశారు. ఆవిడ శాలువా కప్పించుకోకుండా దిగి వెళ్ళిపోయింది. తెచ్చిన శాలువా వృథా పోకూడదని బసవపున్నయ్య గారికి కప్పారు.

ఆయన ప్రసంగం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

“సోదర సోదరీమణులారా! కప్ప అంటే ఎవరు? నీటిలోనూ ఉండగలిగేది, నేల మీదా ఉండగలిగేది. నేనూ అంతే. మా తాతగారిది కృష్ణా నీరు, నాది ఖమ్మం నేల. ఆ రకంగా నేనూ ఒక కప్పనే! ఒక కప్ప స్థలాన్ని ఇంకో కప్ప తీసుకోవడంలో తప్పేముంది? పదకొండు కప్పలు ఒక్క సాయంత్రంలో నాలుగు వేలు దాటిన గడ్డ ఇది! అలాంటి గడ్డ మీద మీరు ప్లాటు తీసుకుంటే నాలుగేళ్ళలో అది ఎంత అవుతుందో మీరే ఊహించుకోండి!”

నేను ఊహించుకున్నాను. మర్నాడే ముప్పై ఆరో నంబరు తీసుకున్నాను.

కుంట పూడ్చడానికి పదకొండు రోజులు పట్టింది. కాలనీకి ‘మండూక మెడోస్’ అని పేరు పెట్టారు. కప్ప మన సంస్కృతిలో ఎంత ముఖ్యమో రాబోయే తరాలకు తెలియాలి కదా. ముఖద్వారం మీద పద్దెనిమిది అడుగుల సిమెంటు కప్ప ఉంది. చేసినవాడికి వినాయకుడు తప్ప అలవాటు లేకపోవడం వల్ల దానికి కాస్త బొజ్జ వచ్చింది, ఒక చేతిలో ఉండ్రాయి ఉంది. అయినా కళ్ళు పెద్దవి కాబట్టి పోల్చుకోవచ్చు. శనివారాలు కొందరు కొబ్బరికాయ కొడుతున్నారు. కుంట నడిబొడ్డున కప్ప ఆకారంలో ఈతకొలను. దాని నీళ్ళలో వేసే మందు వల్ల పురుగూ పుట్రా రావు.

కప్పల కూత లేని లోటు కూడా లేదు. ప్లాస్టిక్ రాళ్ళ లోపల ఇరవై నాలుగు స్పీకర్లు అమర్చి, లెక్క రోజు రికార్డు చేసిన అసలైన కూతలనే ఉదయం, సాయంత్రం వేస్తారు. వాకింగ్ చేసేవాళ్ళకు ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. ఎనిమిదో నిమిషం దగ్గర ఒక దగ్గు వస్తుంది. చిట్టచివర ‘ఏడ సచ్చినవయ్యా, బదులియ్యవేంది’ అని కూడా వినబడుతుంది. అది ఆడకప్ప జత కోసం పిలిచే అరుదైన కూత అని బ్రోచరులో ఉంది.

దూలయ్యకు అన్యాయం జరిగిందనేవాళ్ళు ఒక విషయం గమనించాలి. ఆయనకు కాలనీలో ఉద్యోగం ఇచ్చారు. మొక్కలకు నీళ్ళు పెట్టడం, కాలువలు తియ్యడం పని. హోదా మాత్రం ఉభయచర రాయబారి. ఆకుపచ్చ యూనిఫారం, జేబు మీద కప్ప బొమ్మ. ఆయన మడి నీళ్ళు లేక బీటలు వారింది. మొదటి ఏడు జొన్న చల్లాడు, రెండో ఏడు ఏమీ చల్లలేదు. ఒకసారి నేను వాకింగ్‌లో గోడ మీదుగా చూశాను. బీటల్లో కాలు పెడితే మడమ దిగేటట్టుంది. ఆ పూట నాకు కాఫీ సహించలేదు. అయితే అది షుగర్ వల్ల అని డాక్టరు చెప్పారు.

ఉద్యోగంలో ఆయనకు ఒకే ఇబ్బంది వచ్చింది. స్పీకర్లు టక్, టక్ అన్నప్పుడల్లా పార పక్కన పెట్టి బదులిచ్చేవాడు. అందులో తన భార్యా, బావమరిదీ పిలుస్తుంటే ఊరుకోలేడట. నీళ్ళ పైపు వదిలేసి రోజుకు నాలుగు వందల సార్లు బదులిస్తే మొక్కలేం కావాలి? సంఘం తరఫున నేనే మెమో ఇచ్చాను. ఆ తర్వాత పెదాలు బిగబట్టుకుని పని చేసేవాడు.

ఈ ఏడు జూన్‌లో తొలి వానకు కరెంటు పోయింది. ఇరవై నాలుగు స్పీకర్లూ ఆగిపోయాయి. సాయంత్రం ఆరు గంటలు, నేను వరండాలో కూచుని ఉన్నాను. మా బాత్‌రూం వెనక మురుగు కాలువలోంచి వినబడింది. టక్, టక్. ఆగింది. టక్, టక్.

కరెంటు లేకుండా స్పీకరు మోగడం ప్రమాదం కాబట్టి వెంటనే ఫిర్యాదు రాశాను. ఎలక్ట్రీషియన్ కోటేష్ వచ్చి కాలువ పొడుగునా టార్చి వేసి చూశాడు. వైరు ఎక్కడా కనబడలేదని, బహుశా బ్యాటరీ మీద నడిచే రకమని, కంపెనీవాళ్ళే రావాలని రాసి సంతకం పెట్టాడు. ఇంతలో అటు వచ్చిన దూలయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. చేతిలో పార కింద పెట్టాడు. మెమో ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, కాలువ వైపు వంగి, టక్, టక్ అన్నాడు. లోపలినుంచి బదులు వచ్చింది.

“ఏమిటది దూలయ్యా?” అన్నాను.

“స్పీకరు గాదు సారు. మన ఊటకుంటది. ఒక్కటే మిగిలింది. ఇన్నొద్దులు మీ డబ్బాల సప్పుడుల దీని పిలుపు ఇనపడలే.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వాన పడుతోంది కాబట్టి ఖచ్చితంగా చెప్పలేను.

“సరే, దాన్ని ఆపించు. రేపు మీటింగుంది.”

“ఎట్ల ఆపుతం సారు? పిలుస్తున్నది. ఇన్నంక బదులియ్యాలె. మీరు గూడ ఇన్నరు గద.”

“నేను కార్యదర్శిని,” అని గుర్తు చేశాను.

మర్నాడు సర్వసభ్య సమావేశంలో అందరూ సానుభూతితో మాట్లాడారు. ఒక్కటే ఉంది కాబట్టి, పది కన్నా తక్కువ కాబట్టి, ఉత్తర్వు ప్రకారం అది ఎలాగూ పోయేదేనని జయప్రకాశ్ గారు ఫోన్‌లో చెప్పారు. రికార్డు ప్రకారం ఇంకా నాలుగు వేల నూట పదకొండు ఉన్నాయి కాబట్టి, ఒకటి పోయినా నష్టం లేదని కూడా ఆయనే చెప్పారు. కాలువను సిమెంటు పలకలతో మూసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. పని దూలయ్యకే అప్పగించాం, కాలువలు ఆయన పరిధిలోవి.

గురువారం మధ్యాహ్నానికి పలకలు పరిచేశాడు. పని శుభ్రంగా ఉంది. సాయంత్రం యూనిఫారం మడిచి గేటు దగ్గర పెట్టి, ఇక రానని చెప్పి వెళ్ళిపోయాడు. సెక్యూరిటీ రిజిస్టరులో ఆ రోజు ఇలా ఉంది: ‘బయటికి తీసుకువెళ్ళిన సామాను: సద్ది గిన్నె ఒకటి. మూత సగం తెరిచి ఉన్నది. లోపల తడి ఆకులు. అడుగగా కూర అని చెప్పినాడు.’

ఆ మర్నాటి నుంచి గోడ అవతల, బీటలు వారిన మడి వైపు నుంచి, సరిగ్గా స్పీకర్లు ఆగే వేళకు వినబడుతోంది. టక్, టక్. మా కాలనీ వైపే. కాసేపు ఆగుతుంది. మళ్ళీ టక్, టక్. అది దూలయ్యే అని కోటేష్ అంటాడు. కప్ప అని మా ఆవిడ నిర్మలాదేవి అంటుంది. ఇద్దరూ అయ్యుండవచ్చు. మొన్న ఆవిడ వంటింట్లో ఒక్కత్తీ నిలబడి నాలుక అంగిలికి కొట్టబోయి, నేను చూస్తున్నానని గమనించి, చింతపండు పులుపు చూస్తున్నట్టు నటించింది. మెమో ఆవిడకు వర్తించదు.

మూడు సాయంత్రాలు పిలుపు వచ్చింది. మా కాలనీలో నూట ఇరవై కుటుంబాలున్నాయి. అందరం ఇళ్ళల్లోనే ఉన్నాం, అందరం విన్నాం, ఎవరమూ బదులివ్వలేదు. నాలుగో సాయంత్రం ఎర్రబండగుంపు నుంచి నలభై మంది కర్రలూ టార్చిలూ పట్టుకుని, పరుగున మా గేటు దగ్గరికి వచ్చారు. అందరికంటే ముందు చిన్నక్క.

“లోపలోళ్ళంత మంచిగున్నరా బిడ్డా?” అని సెక్యూరిటీ అబ్బాయిని అడిగింది. “మూడొద్దులాయె, పిలుస్తుంటె ఒక్కలు గూడ పలుకుతలేరు. ఏమన్న అయిందా?”

విజిటర్ పాసు లేదు కాబట్టి వాళ్ళను వెనక్కి పంపించాం. కానీ విషయం అక్కడితో ముగియలేదు. మేమంతా పోయామని వాళ్ళు ఊరూరా చెబుతున్నట్టు తెలిసింది. పాలవాడు రావడం మానేశాడు. ఒకాయన మా గేటు ముందు చెప్పులు విప్పి దండం పెట్టి వెళ్ళాడు. సంఘం అత్యవసరంగా సమావేశమై ఈ దుష్ప్రచారాన్ని తీవ్రంగా ఖండించింది. బతికే ఉన్నామని ధ్రువీకరణ పత్రం కోసం జయప్రకాశ్ గారికి దరఖాస్తు పెట్టాం. మాట మాత్రం చెబితే చాలదని, పిలిచినప్పుడు పలికినట్టు ఒక్కొక్కరికీ ఇద్దరు సాక్షులు కావాలని ఆయన జవాబు రాశారు.

అందుకని గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టాం. ఇప్పటికి ఒకే ఒక్క సంతకం వచ్చింది, మా ఆవిడది. సాక్షుల గడిలో దూలయ్య అని, చిన్నక్క అని రాసుంది. మిగతా గడులన్నీ ఖాళీ. మీరు కూడా ఇంతసేపూ విన్నారు కాబట్టి నిబంధనల ప్రకారం మీ పేరు కూడా అందులో చేర్చాం. వీలు చూసుకుని వచ్చి, బతికే ఉన్నట్టు సంతకం పెట్టి వెళ్ళగలరు.